చిగుళ్ళ గ్రాఫ్ట్ తర్వాత ఇంట్లో ఎలా కోలుకోవాలి

చిగుళ్ళకి గ్రాఫ్ట్ (చిగురు దిగిపోయిన చోట వేరే కండ ముక్క అతికించడం) వేయించుకుని ఇంటికొచ్చినవాళ్ళు మొదట అడిగేది "ఏం తినొచ్చు?" అని. తిండి సంగతి వివరంగానే చెప్తాను. అంతకన్నా ముందు, అతికించిన ఆ చిన్న ముక్క మొదటి రోజుల్లో ఎలా బతుకుతుందో తెలుసుకోండి. అది తెలిస్తే డాక్టరు చెప్పిన జాగ్రత్తల్ని బట్టీ పట్టక్కర్లేదు.

అంగిలి నుంచి కండ తీసినప్పుడు దాని రక్తనాళాలు అక్కడే తెగిపోతాయి. కొత్త చోట కుట్టగానే దానికి రక్తం అందదు. మొదటి రెండు మూడు రోజులు కింద ఉన్న గాయం నుంచి ఊరే ద్రవాన్ని పీల్చుకునే అది బతకాలి. ఆ తర్వాత సన్నటి రక్తనాళాలు కింద నుంచి మెల్లగా అందులోకి పాకుతాయి. ఇంచుమించు పది రోజులకి రక్తప్రసరణ కుదురుకుంటుంది. ఈలోపు ముక్క కాస్త కదిలినా, దాని కింద రక్తం గడ్డకట్టినా ఆ సన్నటి నాళాలు తెగుతాయి. నాటిన వరినారు వేరు పట్టేదాకా ఎవరూ లాగి చూడరు కదా, ఇదీ అంతే. పెదవి లాగి చూడొద్దన్నా, స్ట్రాతో తాగొద్దన్నా, గట్టిగా ఉమ్మొద్దన్నా, ఆ చోట బ్రష్ పెట్టొద్దన్నా కారణం ఇదే.

మాది ఆంధ్రా సరిహద్దున ఒడిశాలో ఉన్న పర్లాకిమిడి. ఇంట్లో పదో తరగతి పిల్లలకి లెక్కల ట్యూషన్ చెప్తాను. కింది ముందుపళ్ళ దగ్గర చిగురు దిగిపోయి, వేళ్ళు బయటపడి, చల్లటి నీళ్ళు తగిలితే ప్రాణం జివ్వుమనేది. బరంపురంలో చిగుళ్ళ స్పెషలిస్టు అంగిలి లోపలి పొర నుంచి కండ తీసి అక్కడ వేశారు. నాకు చేసింది, నేను పాటించింది, డాక్టరు ఎందుకని చెప్పింది కలిపి రాస్తున్నాను. మీ డాక్టరు మీకు ఏదైనా వేరేగా చెప్తే ఆ మాటే పాటించండి. గ్రాఫ్టుల్లో రకాలున్నాయి. కొందరికి అంగిలి పైపొరతో సహా తీస్తారు, కొందరికి పక్క చిగురునే జరిపి కుడతారు, కొందరికి బయట తయారైన కొల్లాజెన్ పొర వాడతారు. చివరి రెండిట్లో అంగిలిలో గాయమే ఉండదు.

క్లినిక్ నుంచి బయల్దేరే ముందు

మనలాంటి ఊళ్ళవాళ్ళకి ఇది ముఖ్యం. బరంపురమో వైజాగో వెళ్ళి చేయించుకుంటాం, తీరా ఇంటికొచ్చాక సందేహం వస్తే అడగడానికి దగ్గర్లో ఆ డాక్టరు ఉండరు. కుర్చీలోంచి లేచేముందే ఇవి అడిగి, తోడొచ్చినవాళ్ళ చేత కాగితం మీద రాయించండి: కుట్లు వాటంతట అవే కరుగుతాయా, తీయాలా? మీద ప్యాక్ (గాయాన్ని కప్పే ముద్ద) వేశారా, వేస్తే అది ఊడొస్తే ఏం చేయాలి? అంగిలికి ప్లాస్టిక్ తొడుగు ఇచ్చారా, ఇస్తే ఎప్పుడు తీయాలి? రాత్రి రక్తం వస్తే ఏ నంబరుకి ఫోన్ చేయాలి? డాక్టరు ఒడియాలో చెప్తున్నప్పుడు మీకు సగమే అర్థమైతే మొహమాటపడకండి, మళ్ళీ చెప్పించుకోండి. నేను రెండుసార్లు చెప్పించుకున్నాను. ఆయన విసుక్కోలేదు.

షుగరు, బీపీ, రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు ఆపరేషన్‌కి ముందే ఆ సంగతి చెప్పి ఉండాలి. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటివి గుండె డాక్టరుని అడక్కుండా సొంతంగా ఆపకూడదు. షుగరు బిళ్ళలు వేసుకునేవాళ్ళు మొదటి రోజుల్లో తిండి తగ్గుతుంది కాబట్టి మోతాదు ఏం చేయాలో అడగండి. తిండి లేకుండా మామూలు మోతాదు వేసుకుంటే షుగరు పడిపోవచ్చు.

మందులన్నీ ఆ ఊళ్ళోనే కొనేయండి. రాత్రి పొద్దుపోయాక మా పర్లాలో అన్నీ దొరకవు.

బస్సులో ఒంటరిగా రావద్దు. కిటికీ పక్క సీటు, పలచటి తువ్వాలు, ఒక కవర్లో ఐసు, ఒక ఖాళీ గ్లాసు ఉంటే చాలు. నోట్లో ఊరే నీళ్ళు లేతగులాబీ రంగులో ఉంటాయి. భయపడొద్దు, ఉమ్మొద్దు, మింగేయండి. ఉమ్మినప్పుడు నోట్లో పుట్టే గుంజుడుకే రక్తం మళ్ళీ మొదలవుతుంది. మింగలేకపోతే తల వంచి నోరు తెరిస్తే గ్లాసులోకి అదే కారిపోతుంది.

మొదటి రాత్రి

మత్తు ఇంజెక్షన్ రెండు నుంచి నాలుగు గంటలుంటుంది. ఆ తిమ్మిరి పూర్తిగా వదలకముందే, డాక్టరు చెప్పిన నొప్పి బిళ్ళ కడుపులో కాస్త ఏదైనా పడ్డాక వేసుకోండి. నొప్పి ముదిరాక వేసుకున్న బిళ్ళ పనిచేయడానికి చాలాసేపు పడుతుంది. సొంతంగా ఆస్పిరిన్ వేసుకోకండి, రక్తం ఆగదు. కడుపులో పుండు, కిడ్నీ జబ్బు, ఉబ్బసం ఉన్నవాళ్ళకి, గర్భిణులకి ఐబుప్రొఫెన్ రకం బిళ్ళలు పడకపోవచ్చు. అది ముందే డాక్టరుతో మాట్లాడుకోవాలి. యాంటిబయాటిక్ ఇస్తే మొత్తం కోర్సు వాడాలి. అందులో మెట్రోనిడజోల్ ఉంటే మద్యం తాగడం పూర్తిగా మానాలి.

ఐసు ముక్కల్ని తడిపి పిండిన పలచటి గుడ్డలో చుట్టి, బయట నుంచి గడ్డం మీదో బుగ్గ మీదో పెట్టండి. పదిహేను నిమిషాలు పెట్టడం, పదిహేను నిమిషాలు తీయడం. మెలకువగా ఉన్నంతసేపూ మొదటి ఒకటి రెండు రోజులు ఇలా చేయాలి. ఎండాకాలంలో కరెంటు పోతే ఐసు ఉండదు కాబట్టి ముందు రోజే రెండు మూడు గిన్నెల్లో గడ్డకట్టించి పెట్టుకోండి. వాపు రెండో రోజు, మూడో రోజు ఎక్కువవుతుంది. నా కింది పెదవి మూడో రోజు పొద్దున బాగా ఉబ్బింది, ఆ మర్నాటికి తగ్గుముఖం పట్టింది. మూడో రోజు దాటాక కూడా వాపు పెరుగుతూనే ఉంటే మాత్రం ఫోన్ చేయాలి.

రెండు తలగడలు పెట్టుకుని తల ఎత్తుగా ఉంచి పడుకోండి. నీళ్ళ బిందెలు ఎత్తడం, బోరింగు కొట్టడం, వంగి ముగ్గు వేయడం కనీసం నాలుగైదు రోజులు ఇంట్లో వేరేవాళ్ళకి అప్పజెప్పాలి. చంటిపిల్లలుంటే ముఖం దగ్గరగా ఎత్తుకోవద్దు. వాళ్ళు ఆడుతూ తలతో కొడితే కుట్లు తెగుతాయి.

అంగిలి నుంచి రక్తం ఊరితే అద్దం ముందు నిలబడి కంగారు పడకుండా, కుర్చీలో నిటారుగా కూర్చోండి. శుభ్రమైన గాజుగుడ్డని తడిపి మడిచి, వేలితో అంగిలి గాయం మీద పెట్టి ఇరవై నిమిషాలు వదలకుండా అదమండి. మధ్యలో తీసి చూడొద్దు. చూసిన ప్రతిసారీ గడ్డకట్టిన రక్తం ఊడొస్తుంది. గాజుగుడ్డ లేకపోతే చల్లటి నీళ్ళలో తడిపిన టీ బ్యాగ్ పనికొస్తుంది. టీలో ఉండే టానిన్ రక్తం ఆగడానికి సాయపడుతుంది. ఇలా అదమడం అంగిలి మీద మాత్రమే. గ్రాఫ్ట్ వేసిన చోట డాక్టరు చెప్పకుండా వేలు పెట్టకూడదు.

తిండి

మొదటి రెండు మూడు రోజులు చల్లగా, జారుగా ఉండాలి. ఆ తర్వాత రెండు వారాల దాకా గోరువెచ్చగా, మెత్తగా. వేడివేడిది, కారం, పులుపు, గరగరలాడేది, గింజ ఉన్నది వద్దు. ఈ మాట ప్రతి డాక్టరూ చెప్తారు. మన వంటింట్లో అది ఎలా కుదురుతుందన్నదే అసలు కష్టం.

చోడి (రాగి) అంబలిని మించిన తిండి నాకు కనపడలేదు. ముందు రోజు రాత్రి చోడిపిండి కలిపి, పొద్దున కాచి, పూర్తిగా చల్లారనిచ్చి, మజ్జిగ కలుపుకుని గ్లాసుతో తాగాను. మజ్జిగ పులిసింది కాకూడదు. ఉల్లిపాయ ముక్కలు, పచ్చిమిరపకాయ వేయకూడదు. పెరుగన్నం చేత్తో మెత్తగా పిసికి, పోపు లేకుండా. ఇడ్లీని పాలల్లో నానబెట్టి. పలచగా ఉడికిన ముద్దపప్పు. మెత్తగా గిలకొట్టి వండిన గుడ్డు. గాయం మానడానికి మాంసకృత్తులు కావాలి కాబట్టి పప్పు, పెరుగు, గుడ్డు, తాజా ఛెనా (విరిచిన పాల ముద్ద) వీటిలో ఏదో ఒకటి పూటపూటా పడేలా చూసుకోండి. జావలతోనే గడిపితే నీరసం వస్తుంది.

మా ఎదురింట్లో ఒడియావాళ్ళు. అక్కడి మౌసి (పిన్నిగారు) గిన్నెడు దాల్మా పంపారు. గుమ్మడికాయ, బొప్పాయి, పప్పు కలిసి మెత్తగా ఉడికే వంటకం కాబట్టి మంచిదే. ఇబ్బంది దాని పోపులో ఉన్న గింజల దగ్గర. ఆవాలు, జీలకర్ర, మెంతులు, నల్లజీలకర్ర, సోంపు, ఈ అయిదు గింజల్లో ఏ ఒక్కటి కుట్టు పక్కన ఇరుక్కున్నా తీయడానికి మీరు వేలు పెడతారు, నాలుకతో గెలుకుతారు. మర్నాడు మౌసి పోపు వేయకముందే నా వంతు విడిగా తీసి పంపారు. మీరు కూడా ఇంట్లో అలాగే అడగండి. పప్పైనా, కూరైనా పోపుకి ముందు ఒక గరిటె పక్కన పెట్టించుకుంటే మీకోసం వేరే వంట అక్కర్లేదు.

ముఢి (మరమరాలు) మాత్రం ముట్టుకోకండి. మా వైపు సాయంత్రం అయితే ఇంటింటా అదే, మెత్తగానే ఉంటుంది కదా అనిపిస్తుంది. దాని పలుకులు, పొట్టు తడిసి చిగురుకి అతుక్కుంటాయి. అటుకులు కూడా పాలల్లో పూర్తిగా నాని ముద్దయితేనే. పఖాళ (నీళ్ళన్నం) తినేవాళ్ళు అప్పటికప్పుడు నీళ్ళు పోసిన సజ పఖాళ తినొచ్చు, రాత్రంతా పులిసినది గాయాన్ని మండిస్తుంది. నంజుకునే వేపిన బడి (వడియాలు), ఉల్లి, ఎండుచేప అన్నీ తర్వాతే.

కొబ్బరినీళ్ళు గ్లాసులో పోయించుకోండి, బొండంలో స్ట్రా పెట్టించుకోవద్దు. రసం మామిడిపండు పీల్చడం కూడా స్ట్రాతో పీల్చినట్టే. పండు బాగా మగ్గి తియ్యగా ఉంటే, మొదటి వారం గడిచాక, పీచు లేని గుజ్జు చెంచాతో తినండి. ముంజల కాలమైతే మీ అదృష్టం. తోలు తీసి చెంచాతో చిదిమి తింటే చల్లగా జారిపోతాయి. టీ లేకపోతే తలనొప్పి వచ్చేవాళ్ళు పూర్తిగా చల్లారాక తాగొచ్చు.

నమలడం గ్రాఫ్ట్ లేని వైపు. నాలాగ ముందుపళ్ళ దగ్గర వేయించుకున్నవాళ్ళు దేన్నీ ముందుపళ్ళతో కొరకకూడదు, అరటిపండైనా తుంచి వెనక్కి పెట్టుకోవాలి.

రోజు ఎంచుకోవడం మీ చేతిలో ఉంటే పండుగలకి దూరంగా పెట్టుకోండి. జూన్ మధ్యలో వచ్చే రజ పండుగ మూడు రోజులూ ఎవరింటికి వెళ్ళినా పోడపిఠా (కాల్చి చేసే పిండివంట), ఆ వెంటనే పాన్. కార్తీకంలో ఉపవాసాలు. గాయం మానుతున్నప్పుడు ఉపవాసం ఉండకూడదు, ఒంటిపూట కూడా వద్దు.

నోరు శుభ్రంగా ఉంచడం

మిగతా పళ్ళు మామూలుగానే, కాకపోతే మెత్తటి బ్రష్‌తో తోముకోవచ్చు. గ్రాఫ్ట్ దగ్గర, అంగిలి దగ్గర బ్రష్ తగలకూడదు. ఆ పని క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ చేస్తుంది. మనకి ఎక్కువగా 0.2 శాతం దొరుకుతుంది, మామూలుగా 10 మిల్లీలీటర్లు, రోజుకి రెండుసార్లు రాస్తారు. నోట్లో పోసుకుని, పుక్కిలించకుండా, తలని ఇటూ అటూ మెల్లగా వంచి ఒక నిమిషం ఉంచండి. తర్వాత బేసిన్ మీదకి వంగి నోరు తెరవండి, అదే కారిపోతుంది. పేస్టు వాడిన వెంటనే దీన్ని వాడితే పనితనం తగ్గుతుంది, మధ్యలో అరగంట ఎడం ఉంచండి. వాడాక అరగంట ఏమీ తినకండి, తాగకండి. కొన్ని రోజులకి రుచి సరిగా తెలియదు, పళ్ళ మీద గోధుమరంగు మరకలు పడతాయి. టీ తాగేవాళ్ళకి ఇంకా ఎక్కువ. ఆ మరకలు క్లీనింగ్‌లో పోతాయి, దానికోసం మందు మానొద్దు. అలాగని డాక్టరు చెప్పిన గడువు దాటి వాడొద్దు.

ఉప్పునీళ్ళు మొదటి రోజు వద్దు. తర్వాత డాక్టరు సరేనంటే గోరువెచ్చగా, ఇదే పద్ధతిలో నోట్లో ఉంచి వదిలేయాలి.

ఏది మామూలు, ఏది కాదు

మొదటి వారం గ్రాఫ్ట్ పాలిపోయి తెల్లగానో, కాస్త బూడిదరంగుగానో కనబడుతుంది. పైన సన్నటి పొర ఊడుతుంది. తర్వాత ఎరుపు, ఆ తర్వాత గులాబీ రంగు. అంగిలి గాయం మీద పసుపుపచ్చగా తెల్లటి పొర కడుతుంది. చాలామంది దాన్ని చీము అనుకుని గోకుతారు. గోకకండి, గాయం మానడానికి శరీరం కట్టుకున్న పొర అది. అంగిలి నొప్పి గ్రాఫ్ట్ నొప్పికన్నా ఎక్కువ ఉండటం కూడా మామూలే, మానడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది.

సెల్‌ఫోన్ లైటు వేసి రోజూ పెదవి లాగి చూడాలనిపిస్తుంది. కింది పెదవి లాగితే దాని లోపలి కండరం నేరుగా ఆ కుట్లనే లాగుతుంది. అందుకే మాట కూడా తగ్గించాలి. నేను వారంపాటు ట్యూషన్ ఆపి, పిల్లలకి లెక్కలు కాగితం మీద రాసిచ్చాను. కుట్టు దారం వదులై వేలాడితే కత్తిరించొద్దు, లాగొద్దు, ఫోన్ చేసి చెప్పండి.

ఇరవై, ముప్ఫై నిమిషాలు గట్టిగా అదిమినా రక్తం ఆగకపోతే, జ్వరం 101 డిగ్రీలు దాటితే, చీము, భరించలేని దుర్వాసన వస్తే, గ్రాఫ్ట్ కదులుతున్నట్టు తెలిస్తే, తగ్గిన నొప్పి మళ్ళీ పెరిగితే ఆ రోజే డాక్టరుకి చెప్పాలి. ఊపిరి ఆడకపోయినా, మింగలేకపోయినా, మందు వేసుకున్నాక ఒళ్ళంతా దద్దుర్లు, ముఖం వాపు వచ్చినా ఫోన్లతో కాలయాపన చేయకుండా 108 పిలిచి ఆసుపత్రికి వెళ్ళండి.

గుడాఖు సంగతి

ఇది నేను గట్టిగా చెప్పదలచుకున్న విషయం. మా సరిహద్దు ఊళ్ళలో తెలుగిళ్ళైనా ఒడియా ఇళ్ళైనా, పొద్దున్నే వేలితో గుడాఖు రుద్దుకునే పెద్దవాళ్ళు ఎందరో ఉన్నారు, ఆడవాళ్ళు కూడా. చాలామంది దాన్ని పళ్ళ పేస్టు లెక్కలోనే చూస్తారు. అది పొగాకు, బెల్లపు మడ్డి కలిపి చేసిన ముద్ద. నికోటిన్ చిగుళ్ళలో సన్నటి రక్తనాళాల్ని ముడుచుకుపోయేలా చేస్తుంది. గ్రాఫ్ట్ బతకాలంటే కావలసింది సరిగ్గా ఆ నాళాలే. బీడీ, సిగరెట్, ఖైనీ, గుట్కా, జర్దా పాన్ అన్నీ ఇదే పని చేస్తాయి.

మా అత్తయ్య ప్రేమకొద్దీ అన్నారు, "పిసరంత గుడాఖు అద్దుకో అమ్మాయీ, నొప్పి లాగేస్తుంది" అని. "వద్దత్తయ్యా, అది తగిలితే వేసిన చిగురు బతకదట" అని చెప్పాను. లవంగ నూనె, పసుపు, పటిక, పొగాకు కాడ, ఇలా ఎవరేం చెప్పినా ఆ పచ్చిగాయం మీద పెట్టొద్దు. లవంగ నూనె నేరుగా తగిలితే లేత కండ కాలిపోతుంది.

అలవాటున్నవాళ్ళు ఆపరేషన్‌కి కొన్ని వారాల ముందే మానడం మొదలుపెట్టాలి. ఒంటరిగా కుదరకపోతే పొగాకు మానేవాళ్ళకి సాయం చేసే ప్రభుత్వ ఉచిత నంబరు 1800-11-2356 ఉంది. ఎంత వాడతారో డాక్టరు దగ్గర దాచొద్దు. పొగాకు వాడేవాళ్ళలో గ్రాఫ్ట్ సరిగా పట్టకపోవడం ఎక్కువని తెలుసు కాబట్టే వాళ్ళు అడుగుతారు.

కుట్లు తీశాక

కరగని కుట్లయితే పది నుంచి పద్నాలుగు రోజుల మధ్య తీస్తారు. పెద్దగా నొప్పి ఉండదు. ఆ రోజుకి చూడ్డానికి బాగానే ఉంటుంది గానీ, అంతలోనే చెరుకు ముక్క కొరకడం, జీడిపప్పు నమలడం మొదలుపెట్టకండి. ఆ చోట బ్రష్ ఎప్పుడు పెట్టాలో డాక్టరే చెప్పాలి, మామూలుగా మూడు నాలుగు వారాలు పడుతుంది. అప్పుడు కూడా అన్నిటికన్నా మెత్తటి బ్రష్‌తో, చిగురు వైపు నుంచి పంటి కొస వైపుకి మెల్లగా దొర్లించాలి. కింది పళ్ళకి కింద నుంచి పైకి, పై పళ్ళకి పై నుంచి కిందకి. అడ్డంగా బలంగా తోమడం వల్లే చాలామందికి చిగురు దిగిపోతుంది. ఎర్ర పళ్ళపొడి, బొగ్గుపొడి, ఇటుకపొడి అన్నీ ఇంట్లోంచి తీసేయండి. వేపపుల్ల నమిలి అడ్డంగా రుద్దే అలవాటున్నా ఇక వద్దు.

పళ్ళు జివ్వుమనడం ఒక్కసారిగా పోదు, వారాల మీద తగ్గుతుంది. వేసిన చోటు కొన్నాళ్ళు లావుగా, పక్క చిగురు రంగుకి కాస్త తేడాగా కనబడుతుంది. సర్దుకోవడానికి నెలలు పడుతుంది. దూరమని చెకప్‌లు మానేయకండి. దారి ఖర్చు ఎక్కువైతే మధ్యలో పర్లాలోనో పాతపట్నంలోనో ఉన్న పళ్ళ డాక్టరుకి చూపించి, బరంపురం డాక్టరుతో ఫోన్లో మాట్లాడించండి. ఆ అవసరం కోసం ఆపరేషన్ కాగితాలు, మందుల చీటీ ఒకే కవర్లో ఉంచుకోండి.